ఎస్‌సార్ ప్లీడరు

మొన్న మా అక్క ఫోన్ చేసి, "ఒరే అబ్బయ్యా, మీ బావ జ్ఞాపకార్థం ఫోటో కోర్టులో పెడతారంట. మంచిగా నాలుగు ముక్కలు రాసియ్యి. ఆయన గురించి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?" అన్నది. తెలుసు కాబట్టే మంచిగా రాయడం కష్టమని ఆమెకెట్లా చెప్పేది?

మా బావ పదిహేనేళ్లు మిలిటరీలో ఉండి, వచ్చి, లా చదివి, సముద్రం పక్కనున్న మా చిన్న టౌనులో ప్లీడరు బోర్డు తగిలించాడు. నేను ఆయన గుమాస్తాను. యుద్ధంలో తూటా ఒరుసుకుపోయి ఆయనకు ఎడమ చెవి వినపడదని కేసులు తెచ్చే పార్టీలకు చెప్పేవాణ్ణి. పచ్చి అబద్ధం. చెవి బాగానే ఉండేది. ఆయన కాపలా కాసింది సరిహద్దును కాదు, బంగాళాదుంపల గోడౌనును. తుపాకీ ఒక్కసారే పేల్చాడు, అదీ గురి తప్పింది. సరే, గురి తప్పిందన్నది నేను చేర్చిందే. అయినా ఆ దర్పం చూడాలి! ఉప్పుగాలికి నల్లకోటు తెల్లచారలు కట్టినా బొత్తాలు మాత్రం పతకాల్లా మెరవాలి. పార్టీలు వరండాలో వరసగా నిలబడాలి. భాగాల తగాదాకు వచ్చిన ముసలమ్మను కూడా "నిటారుగా నిలబడి చెప్పమ్మా" అనేవాడు. ఆమె నడుము వంగి ఇరవై ఏళ్లయిందని ఆయన కళ్లకు కనపడదు గదా! సెక్షన్లు గుర్తుండవుగానీ, బూటు పాలిష్ చేసే పద్ధతి మాత్రం తడుముకోకుండా వల్లించేవాడు.

ఆయన ప్రతిభ తెలియాలంటే ఒక్క కేసు చాలు. చిట్టమూరు వైపు రైతు ఒకాయనకు మొలగొలుకుల వరి పండే రెండెకరాల మడి ఉండేది. దాన్ని రొయ్యల గుంట చేసుకోవాలని దాయాది గట్టు తెంచాడు. ఆ మడి పోతే రైతుకు కూలిపనే గతి. అడ్డుకోమని మా దగ్గరికి వచ్చాడు. సాక్ష్యం రోజు బోనులో నిలబడ్డాడు. ఎదుటి ప్లీడరు లేచి, "మడి నీ సాగులో లేదు గదా?" అన్నాడు.

రైతు మడమలు కొట్టి, "ఎస్ సార్!" అన్నాడు.

"మీ దాయాదే దున్నుకుంటా ఉండాడు గదా?"

"ఎస్ సార్!"

జడ్జిగారు కళ్లద్దాలు తీసి, "అర్థమయ్యే చెప్తున్నావా?" అన్నారు.

"ఎస్ సార్!"

మా బావ ఉక్కిరిబిక్కిరై, "ఏందయ్యా, మడి నీదేనా కాదా?" అని అరిచాడు. దానికీ అదే జవాబు. కోర్టంతా నవ్వింది. కేసు అక్కడే పోయింది. ఊరు ఆయనకు 'ఎస్‌సార్ ప్లీడరు' అని పేరు పెట్టింది, పార్టీలు మెల్లగా జారుకున్నారు. నలభై ఏళ్లుగా పెళ్లిళ్లలో, టీ అంగళ్లలో ఈ కథ చెప్పి ఎందర్ని నవ్వించానో.

అయితే ఎప్పుడూ ఒక ముక్క మింగి చెప్పేవాణ్ణి. సాక్ష్యానికి ముందురోజు మా బావ నెల్లూరు పోతూ, "ఉన్నది ఉన్నట్టు చెప్పమను. బెదరొద్దని చెప్పు" అని రైతును నాకు అప్పగించాడు. నాకేమో మ్యాట్నీకి టైమవుతోంది. "ఎవరేమడిగినా మడమలు కొట్టి ఎస్ సార్ అను. మా బావకు అదే ఇష్టం" అన్నాను, ఆయన్ని ఎగతాళి చేయడానికి. పాపం, రైతు నమ్మాడు. నా ముందే పదిసార్లు అభ్యాసం చేశాడు. నేను నవ్వుకుంటూ సినిమాకు పోయాను.

కేసు పోయాక కోర్టు వరండాలో ఆ రైతు, "మీ ఆఫీసులో నేర్పిన మాటే గదా సామీ చెప్పినా! నా మడి తీసినారు గదయ్యా!" అని ఏడుస్తూ నావైపు చెయ్యెత్తబోయాడు. మా బావ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. "నా ఆఫీసులో నేర్పినారంటే నేను నేర్పినట్టే. తప్పు నాది" అన్నాడు. మా అక్కకు కూడా నిజం చెప్పలేదు. సాయంత్రం నన్ను మాత్రం ఒకటే అడిగాడు: "సినిమా బాగుండిందా?"

అప్పీలులోనూ ఓడిపోయాం. రైతు తన మడిలోనే తవ్విన రొయ్యల గుంటకు కూలికి కాపలా ఉన్నాడు. తప్పు తన మీద వేసుకున్న ఆ పెద్దరికం కూడా నాకప్పుడు మిలిటరీ డాబుగానే కనపడింది. ఒళ్లు మండి 'ఎస్‌సార్ ప్లీడరు' అని పేరు పెట్టింది ఊరు కాదు, నేనే. ఇన్నేళ్లలో కాలం ఆయనలో నేను వెతికిన తప్పులన్నిటినీ అరగదీసింది. నా ఒక్క తప్పును మాత్రం రోజూ తుడిచి కొత్తగా ఉంచింది.