స్వస్థత మీద తెల్లరంగు

మా నందిగామ చర్చి సంఘంలో ప్రతి కొత్త సంవత్సరానికీ, ఆ ఏటికి దేవుడిచ్చిన మాటగా బైబిల్లోంచి ఒక వాగ్దాన వాక్యం ఇస్తారు. వేదిక వెనక గోడ మీద దాన్ని రాసేది నేనే. జగ్గయ్యపేటలో పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతాను గనుక ఆ పని నాకు వచ్చింది. ఫ్లెక్సీ వేయిద్దామంటే పెద్దలు ఒప్పుకోరు.

పోయినేటి వాక్యం స్వస్థత గురించి. ఎర్రటి ఎనామిల్ పెయింటుతో రాశాను. డయాలసిస్ మీద ఉన్న మా తమ్ముడు ఆదివారం ఆరాధనంతా ఆ అక్షరాలకేసే చూస్తూ కూర్చునేవాడు. వానాకాలంలో పోయాడు.

డిసెంబరు ఆఖర్లో ఒక మధ్యాహ్నం, పాత వాక్యం మీద తెల్లరంగు వేసి కొత్తది రాయడానికి వెళ్లాను. కొత్తది ఆనందం గురించి. డబ్బా మూత తీశాను గానీ చెయ్యి లేవలేదు. తెలుపు వేస్తే, మాట తప్పిన దేవుణ్ణి నేనే దాచిపెడుతున్నట్టు అనిపించింది.

పాస్టరుగారి భార్య టీ తెచ్చి, "ఇంకా మొదలెట్టలా?" అన్నారు.

"ఇది జరగలేదు కదండీ అమ్మగారూ. జరగనిదాన్ని కప్పెట్టేసి ఇంకోటి రాయమంటే ఎట్టా?"

"అయ్యగార్ని అడిగితే పరలోకంలో స్వస్థత అంటారు. నాకు అది కూడా చెప్పడం రాదమ్మా. ఆ దేవుణ్ణే అడుగు. తలుపేసి పోతా, గట్టిగా అడుగు. ముందు టీ తాగు, గొంతు లేస్తది."

అడిగాను. తమ్ముణ్ణి తీసుకెళ్లేవాడివి ఆ మాట నాచేత ఎందుకు రాయించావని ఖాళీ కుర్చీల మధ్య అరిచాను. రోడ్డు మీద సిమెంటు లారీలు పోతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆ విసురులోనే గోడంతా తెల్లరంగు కొట్టేశాను. ఇంటికెళ్లినా నిద్ర పట్టలేదు. మర్నాడు మొదటి బస్సెక్కి వచ్చి, సుద్దతాడుతో గీతలు కొట్టి, మధ్యాహ్నానికి వాక్యం పూర్తిచేశాను.

వెనక్కి జరిగి చూశాను. ఇన్నేళ్లలో ఇంత నిండుగా ఎప్పుడూ రాయలేదు. ఒత్తులు కూడా తూకంగా పడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది. ప్రార్థన చేయకుండా కుంచె ముట్టనిదాన్ని, ఈసారి మోకాళ్లూనలేదు. నిన్నటి అరుపునే దేవుడు ప్రార్థనగా తీసుకున్నాడా? లేక ఇన్నాళ్లూ రాసింది ఒట్టి నా చెయ్యేనా?

అమ్మగారు చూసి మురిసిపోయారు. "పరిశుద్ధాత్మ నడిపింపు ఉందమ్మా ఇందులో."

"ఏమోనండి," అన్నాను.

కొత్త సంవత్సరం ఆరాధనలో సంఘమంతా లేచి ఆ వాక్యాన్ని చదివింది. నేనూ మొదలుపెట్టాను గానీ, ఆనందం అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆమేన్ మాత్రం అందరితో పాటు అన్నాను. దేనికి అన్నానో దేవుణ్ణి ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.