డయాలిసిస్ కుర్చీ దొరికాక దాటిన సముద్రం

ఆ రోజు పొద్దున ల్యాబులో రొయ్య పిల్లల శాంపిల్ చూస్తున్నాను. మాది ముత్తుకూరు దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న రొయ్యల హేచరీ. కనురెప్ప వెంట్రుకంత ఉండే పిల్లల్ని మైక్రోస్కోపు కింద పెట్టి, బాగున్నాయో లేదో రాయడం నా పని. నేను తల ఎత్తగానే పక్క టేబులు దగ్గర కూర్చునే రమ నా మొహం వంక చూసి, "అక్కా, కంటి చుట్టూ గుండ్రంగా అచ్చు పడిపోయిందే" అంది.

అద్దంలో చూసుకున్నాను. మైక్రోస్కోపు ఆనిన చోట చర్మం లోపలికి దిగి ఉంది. టీ తాగి వచ్చినా పోలేదు, మధ్యాహ్నం భోజనాలకీ పోలేదు. కాలి చీలమండ మీద వేలితో నొక్కితే అక్కడా గుంట పడింది. నిద్ర చాలడం లేదేమో అనుకుని నెల రోజులు ఊరుకున్నాను. ఆ నెల ఊరుకోకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇది ఆరేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్లు. పేరు సుగుణ.

ఊళ్లో డాక్టరు గారు బీపీ చూసి, మిషను తప్పు చూపిస్తుందేమోనని ఇంకో మిషను తెప్పించి చూశారు. రెండూ ఒకే మాట చెప్పాయి. నూట తొంభై పైన. "ఇప్పుడే నెల్లూరు బయల్దేరండి, రేపటిదాకా ఆగొద్దు" అన్నారు. నెల్లూరులో యూరిన్ టెస్టు, క్రియాటినిన్, అల్ట్రాసౌండ్ అన్నీ ఒకే రోజు అయిపోయాయి. నెఫ్రాలజిస్టు మేడం రిపోర్టులు పక్కన పెట్టి నా వైపు తిరిగి నిదానంగా చెప్పారు.

"రెండు కిడ్నీలూ చిన్నవైపోయినాయి సుగుణా. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. బీపీ ఎప్పటినుంచి ఉందో మనకు తెలియదు. ఉన్న శక్తిని ఎంతకాలం కాపాడుకోగలమో చూద్దాం."

టాబ్లెట్లతో, ఉప్పు మానేసి, రెండేళ్లు లాగాను. ఆ తర్వాత వాంతులు మొదలయ్యాయి. పడుకుంటే ఆయాసం. మా ఆయన దావీదు పోర్టులో సిబ్బంది బస్సు నడుపుతాడు. డ్యూటీ నుంచి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్న నన్ను చూసి, యూనిఫారం కూడా మార్చుకోకుండా ఆస్పత్రికి తీసుకుపోయాడు. మెడ దగ్గర కెథీటర్ అనే గొట్టం పెట్టి డయాలిసిస్ మొదలుపెట్టారు.

మొదటిసారి ఆ గొట్టాల్లో నా రక్తం ఎర్రగా బయటికి పోతుంటే కళ్లు మూసుకున్నాను. కాసేపటికి తెరిచి చూశాను. పోయింది పోయినట్టే తిరిగి వస్తోంది. నాలుగు గంటలు అలా తిరిగాక నోట్లో చేదు పోయింది. చాలా నెలల తర్వాత ఆకలేసింది. ఒక మిషను పక్కన కూర్చోబెట్టి మనిషిని మళ్లీ మనిషిని చేశారే అని ఆశ్చర్యపోయాను. ఆ ఆశ్చర్యం ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

తర్వాత ఎడమ చేతికి ఫిస్టులా చేశారు. డయాలిసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా రక్తనాళాలు రెంటిని కలిపి కుట్టే చిన్న ఆపరేషన్ అది. ఆ చోట వేళ్లు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. దాన్ని థ్రిల్ అంటారు. "పొద్దున లేవగానే అది ఉందో లేదో చూసుకో. ఆ చేతికి బరువు, బీపీ పట్టీ, డయాలిసిస్‌ది కాని సూది ఏవీ తగలనీయొద్దు" అన్నారు మేడం.

మంగళ, గురు, శని. వారానికి మూడు రోజులు నెల్లూరు. రోజుకి ఏడు వందల మిల్లీలీటర్ల నీళ్లు, మందులకి వేసుకునేవి కూడా అందులోనే. మొదటి ఎండాకాలం ఓర్చుకోలేక ఒక కొబ్బరి బోండాం తాగేశాను. గంటల్లో కాళ్లు బరువెక్కాయి, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంది. ఈసీజీ చూసి డ్యూటీ డాక్టరు ముందు ఇంజెక్షన్ చేశాడు. పొటాషియం పెరిగిందట. "బోండాం మామూలు వాళ్లకి మందు, నీకు విషం" అని మేడం తర్వాత చెప్పారు. ఆ భయంతో ఏ ఊరికీ పోవడం మానేశాను. ఒక రాత్రి బయట ఉండాల్సిన పెళ్లిళ్లకి కూడా వెళ్లలేదు.

మా డయాలిసిస్ హాల్లో శబ్దం లేకుండా నడిచే టీవీ ఒకటుంది. ఒక శనివారం అందులో నీలి తిమింగలం కనిపించింది. కింద పేర్లు వస్తున్నాయి. శ్రీలంక, మిరిస్సా. అంటే మన సముద్రమే. రోజూ మా హేచరీ ట్యాంకుల్లోకి తోడే నీళ్లు. వాటిలో కాస్త దక్షిణానికి పోతే అంత ప్రాణి తిరుగుతోందా అని నోరు తెరుచుకుని చూశాను. ఆ రోజు తోడుగా వచ్చిన మా వదిన గ్రేసమ్మతో అన్నాను. ఆమె దావీదుకి అక్క. తమిళనాడు సరిహద్దున ఉన్న తడలో కాపురం, భర్త పోయాడు, అక్కడి ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేస్తుంది.

"చూడాలనుండాదా?" అంది.

"ఉంటే మాత్రం? ఈ సూదులతో యాడికి పోతాను వదినా."

"ఆ దేశంలో కిడ్నీ జబ్బులు లేవా ఏంది? ఆడ మాత్రం మిషన్లు ఉండవా? అడిగితే పోయేదేముంది."

మేడంని ఆమే అడిగింది. మేడం నవ్వలేదు, వద్దనీ అనలేదు. "ట్రిప్పుకి పోవడం తప్పు కాదు. డయాలిసిస్ తప్పించడం తప్పు. అక్కడ స్లాట్ ఇస్తున్నట్టు రాతపూర్వకంగా తెప్పించుకో. అది చూపిస్తే నేను లెటర్ ఇస్తాను" అన్నారు.

అక్కడ మొదలైంది మా పని. మేము పోవాల్సిన చోటికి దగ్గర్లో గాలే అనే ఊరుంది. అక్కడి డయాలిసిస్ సెంటర్లు మూడింటికి రమ చేత మెయిల్ రాయించాను. రెండు జవాబే ఇవ్వలేదు. మూడోది కావాల్సిన వాటి జాబితా పంపింది. మేడం లెటర్లో డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, సూది సైజు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ డోసు, పడని మందులు అన్నీ రాశారు. ఇన్సూరెన్స్ కాగితంలో, ముందునుంచీ ఉన్న జబ్బుకి వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది. అది తెలిసే తీసుకున్నాం, కాలు విరిగితేనన్నా పనికొస్తుందని. మందులు రెండు భాగాలు చేసి ఒకటి నా చేతి సంచిలో, ఒకటి వదిన సంచిలో. దావీదుకి సెలవు దొరకలేదు. మమ్మల్ని చెన్నై ఎయిర్‌పోర్టులో దింపి, లోపలికి పోయేదాకా అద్దం అవతలే నిలబడ్డాడు.

మంగళవారం నెల్లూరులో డయాలిసిస్ చేయించుకున్నాను. బుధవారం విమానం. గంటన్నరలో కొలంబోలో ఉన్నాం. ఇంత దగ్గరి దేశం కోసమా నేను ఇన్నేళ్లు భయపడింది అనుకున్నాను. సాయంత్రానికి గాలే చేరాం. బస దిగిన ఇంటావిడ పసుపుపచ్చ బోండాలు రెండు కొట్టి తెచ్చింది. నోరు ఎండిపోయి ఉంది. నేను చెయ్యి చాపకముందే వదిన రెండూ తీసుకుని, "దీనికి ఒంట్లో బాగలేదు" అని తమిళంలో ఆమెకి చెప్పి, నా ఎదుట తాగకుండా వాకిట్లోకి పోయి తాగింది.

గురువారం పొద్దున ఏడింటికి సెంటర్లో కూర్చున్నాం. నర్సు ఫైలు తిరగేసి ఒక కాగితం దగ్గర ఆగింది. హెపటైటిస్, హెచ్ఐవీ రిపోర్టులు నెల లోపలివి ఉండాలి. నావి నెల దాటి పది రోజులైంది. మెయిల్లో వాళ్లు రాశారు, మేము తేదీ చూసుకోలేదు. మళ్లీ రక్తం తీసి, రిపోర్టు సాయంత్రానికి గానీ రాదన్నారు. అంటే ఆ రోజు నా కుర్చీ పోయినట్టే.

మేడంకి ఫోన్ చేశాను.

"రిపోర్టు అడగడం వాళ్ల తప్పు కాదు, వాళ్ల పేషెంట్లను కాపాడుకోవాలి కదా" అన్నారు. "రేపైతే మూడో రోజు. నీళ్లు సగం చెయ్యి. పండ్లు ముట్టుకోవద్దు. ఆయాసం వస్తే స్లాట్ కోసం ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లిపో."

ఆ పగలంతా కిటికీ దగ్గర కూర్చున్నాను. శ్వాస ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టుకుంటూ గడిపాను. వదిన ఐసు ముక్క చెంచాలో పెట్టి అందించేది. "నేనే ఎగదోసినాను నిన్ను" అని ఒకసారి అంది. "నేను రానంటే నువ్వు లాక్కొచ్చేదానివా" అన్నాను. చీకటి పడేలోగా సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. రిపోర్టులు బాగున్నాయి, శుక్రవారం పొద్దున ఆరింటికి రమ్మన్నారు.

ఆ పొద్దున తమిళం తెలిసిన నర్సు ఉంది. వదిన తడ తమిళంతో నా సంగతులన్నీ చెప్పుకొచ్చింది. నర్సు నా చెయ్యి పట్టుకుని ఫిస్టులా మీద స్టెతస్కోపు పెట్టి విని, తల ఊపి నవ్వింది. ఆ శబ్దానికి ఏ భాషా అక్కర్లేదు. చుట్టూ చూశాను. అదే మిషను, అదే బీప్. పక్క కుర్చీలో ఒక పెద్దాయన నాలాగే ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని ఉన్నాడు. ఆయన భాష నాకు రాదు. ఆయన తన చేతి కట్టు చూపించాడు, నేను నాది చూపించాను. సముద్రం అవతల, పేరు కూడా పలకలేని ఊళ్లో, ఎవరో మనుషులు నా రక్తాన్ని కడిగి మళ్లీ నాకు ఇస్తున్నారు. దేవునికి స్తోత్రం చెప్పుకోబోతే కన్నీళ్లొచ్చాయి. నర్సు నొప్పి అనుకుని పరుగెత్తుకొచ్చింది.

శనివారం తెల్లవారి మిరిస్సా రేవులో పడవ ఎక్కాం. లైఫ్ జాకెట్ పట్టీ ఎడమ చేతిని ఒరుసుకోకుండా వదిన తన చీర కొంగు మడిచి అడ్డం పెట్టింది. పడవ ఊపుకి ఆమె మొదటి గంటలోనే వాంతులతో కూలబడింది. రెండు గంటలు నీళ్లు తప్ప ఏమీ లేవు. తర్వాత పడవవాడు ఇంజను తగ్గించి చెయ్యి చూపించాడు. దూరంగా నీళ్లలోంచి తాటిచెట్టంత ఎత్తున ఆవిరి లేచింది. ఆ తర్వాత వీపు. అది వస్తూనే ఉంది. బూడిద కలిసిన నీలం, దాని మీద మచ్చలు. అయిపోయిందనుకుంటే ఇంకా వస్తోంది. చివరికి తోక పైకి లేచింది. దాని అంచుల నుంచి నీళ్లు జారాయి. చప్పుడు లేకుండా లోపలికి పోయింది. అది దిగిన చోట నీళ్లు కాసేపు నూనె పోసినట్టు నున్నగా ఉండిపోయాయి.

ఫోను చేతిలోనే ఉంది. ఒక్క ఫోటో తీయలేదు.

వదిన పడవ అంచు పట్టుకుని, పాలిపోయిన మొహంతో, చాలా మెల్లగా అంది. "ఇంత ప్రాణిని చేసినోడు నిన్ను మర్చిపోయుంటాడనుకున్నావా."

ఆదివారం తిరిగొచ్చాం. సోమవారం నెల్లూరులో స్లాటు సర్దారు. బరువు చూసి మేడం, "ఇంట్లో ఉన్నప్పటికన్నా తక్కువే పెరిగావు" అన్నారు.

ఇప్పుడు నాకు నలభై నాలుగు. ఇంకా డయాలిసిస్ మీదే ఉన్నాను. ట్రాన్స్‌ప్లాంట్ జాబితాలో పేరుంది. ఎప్పుడు పిలుస్తారో తెలియదు. డయాలిసిస్ లేని రోజుల్లో సగం పూట ల్యాబుకి పోతాను. కొన్ని వారాలు బాగుంటాయి, కొన్నింటిలో బీపీ పడిపోయి మంచం దిగలేను. అన్నిటికీ అలవాటు పడ్డానని చెప్పను.

ఈ మధ్య కావలి నుంచి ఒకామె నా నంబరు ఎవరి దగ్గరో తీసుకుని ఫోన్ చేసింది. ఆమెదీ మూడు రోజుల డయాలిసిసే. మలేషియాలో చెల్లెలికి పురుడు వచ్చే నెల. "పోవచ్చా అక్కా? టికెట్ రేట్లు పెరిగిపోతున్నాయి, ఇవాళే కొనేయమంటున్నారు మావాళ్లు."

"ముందు టికెట్ కొనొద్దమ్మా" అన్నాను. "మీ డాక్టరు గారిని అడుగు. ఒప్పుకుంటే అక్కడ డయాలిసిస్ కుర్చీ అడుగు. ఏ రోజు, ఏ టైము అని వాళ్ల చేత రాయించుకో. వాళ్లడిగే రిపోర్టుల మీద తేదీలు నీ కళ్లతో నువ్వే చూసుకో, ఇంకెవరికీ వదిలిపెట్టొద్దు. అది చేతికొచ్చాక మిగతావన్నీ."

పన్నెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్ వచ్చింది. నేను హలో అనేలోపే చెప్పేసింది.

"కుర్చీ ఇచ్చినారక్కా. బుధవారం పొద్దున ఎనిమిదింటికి."

"రిపోర్టుల తేదీలు?"

"నేనే చూసుకున్నా. రెండుసార్లు."

"అయితే ఇప్పుడు కొనుక్కో టికెట్" అన్నాను.