నాయిన చేతులు, నాడె కన్ను

ఎర్ర సబ్బు వాసన తగిలితే చాలు, మరాఠీ పట్నపు కుంఠా నాకా వాడలోని మా ఒంటి గది, గుమ్మం పక్కన నీళ్ల డ్రమ్ము, నా మాటకు లొంగి మోచేతుల దాకా నురగ పట్టించుకుంటున్న నాయిన ఇప్పటికీ కనిపిస్తాడు.

బడి ఏడో తరగతితో ఆగిపోయినా, అశోక్ చౌక్ దగ్గరి గ్రంథాలయానికి పోవడం నేను మానలేదు. రోగాలు చేతుల మీదుగా నోట్లోకి ఎలా పోతాయో అక్కడ ఒక పుస్తకంలో చదివిన రోజు నుంచి మా వాడకు నేనే డాక్టర్ని. జొన్నరొట్టె, పల్లీల చట్నీ ముందు కూర్చున్న పెద్దలనైనా, బతుకమ్మ సద్దులకు చెయ్యి చాపిన పిల్లలనైనా గోళ్లు చూడనిదే తిననిచ్చేదాన్ని కాదు. అమ్మ బీడీల చాట పక్కనపెట్టి, తంబాకు ఘాటు పోయేదాకా అరచేతులు రుద్దుకునేది.

మధ్యాహ్నం రొట్టెల గిన్నె పట్టుకుని నాయిన పనిచేసే మగ్గాల కార్ఖానాకు వెళ్లేదాన్ని. గాలికి దారం తెగుతుందని ఎండాకాలంలోనూ కిటికీలు మూసేవారు. నూలు ధూళి రెప్పల మీద వాలే ఆ హోరులో, ముందు షిఫ్టు చేసిన మల్లేశం కాక దగ్గుకుంటూ నాయినకు మగ్గం అప్పగించేవాడు. దారం చుట్టిన కొత్త కండెను, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే కర్ర నాడెలో పెట్టి, దాని పక్కనున్న సన్నని కన్నుకు పెదవులు ఆనించి గట్టిగా పీలిస్తే దారం కొస బయటికొచ్చేది. కాక పీల్చిన నాడెనే నాయిన పీల్చేవాడు, రోజుకు కొన్ని వందలసార్లు. ఆ ఒడుపుకు మురిసిపోతూ చూసి, గిన్నె మూత తీసే ముందు అడిగేదాన్ని:

"నాయినా, చేతులు కడుక్కున్నవా?"

"గిప్పుడే గదా కడిగిన, డాక్టరమ్మా! ఇంకెన్నిసార్లే, తోలు ఊడేటట్టుంది. లవ్కర్ ఇయ్యి, జల్ది, మగ్గం ఆగింది!"

ముందు ఆ దగ్గుతోనే మల్లేశం కాక చనిపోయాడు. ఏడాది తిరక్కుండా నాయిన దగ్గులో రక్తం పడింది. దవాఖానాలో టీబీ అన్నారు. కాస్త తేరుకోగానే మందులు ఆపేసి మళ్లీ మగ్గం దగ్గరికే వెళ్లాడు. రెండోసారి మంచం పట్టాక లేవలేదు.

"ఇంత సాఫ్‌గ ఉండే మనిషికి గీ రోగం యాడికెల్లి వచ్చిందే బిడ్డా? సదివినదానివి గదా, చెప్పు," అంది అమ్మ.

జవాబు కోసం మళ్లీ గ్రంథాలయానికే పోయాను. ఆ జబ్బు దగ్గితే గాలిలో పాకుతుందని, కిటికీలు తెరవాలని ఒక పుస్తకంలో ఉంది. నాడెను నోటితో పీల్చకూడదని, దారం లాగడానికి చిన్న కొక్కెం చాలని ఇంకోదాంట్లో ఉంది. రెండూ, చేతులు కడగమని నాకు నేర్పిన ఆ పాత పుస్తకం దొరికిన అరలోనే ఉన్నాయి.

ఇప్పుడా కార్ఖానా లేదు. అక్కడ పెళ్లి హాలు కట్టారు. కొత్త మగ్గాలకు నాడెలే ఉండవట. నాయిన నాడె మాత్రం నా పుస్తకాల మధ్య ఉంది, పెదవుల తాకిడికి దాని కన్ను చుట్టూ కర్ర అరిగి నున్నబడింది. దాన్ని తాకినప్పుడల్లా ఆయనకు చివరి స్నానం చేయించిన పొద్దు గుర్తొస్తుంది. నాయిన చేతులు కడగబోయి అమ్మ ఆగిపోయింది. గోళ్ల సందుల్లో కూడా మట్టి లేదు.