డిక్కీ మీద రెండు దెబ్బలు

ఆరేళ్ళుగా నేనొక మాటని దాచుకుని తిరుగుతున్నాను. పెద్ద మాటేమీ కాదు. ఆస్పత్రి మంచం పక్కన నిలబడి, ఒక మనిషి అడిగిన ప్రశ్నకి ఇచ్చిన చిన్న జవాబు. అది అబద్ధం. అప్పటి నుంచి ఆయన ఫోన్ చేస్తే వెంటనే ఎత్తలేను. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే, అయిపోయింది, తెలిసిపోయింది అనుకుంటాను. పండక్కి వాళ్ళింటి నుంచి ఒబ్బట్లు వస్తే తినలేక, పారెయ్యలేక ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోయినట్టు నటిస్తాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెబుతున్నాను. మధ్యలో తడబడితే ఏమీ అనుకోకండి.

ఆయన పేరు మార్చి రాస్తున్నాను. మునిరాజన్న అందాం. బెంగళూరు శివార్లలో, చందాపురలో కింది వాటాలో వాళ్ళు, పై వాటాలో మేము. ములబాగిలు వైపు మనిషి. బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో రేకు నొక్కే ప్రెస్ మిషన్ మీద పని చేసేవాడు. నాది వైట్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ ఉద్యోగం. రోజూ అంత దూరం పోయి రావడమంటే సగం జీవితం ట్రాఫిక్‌కి రాసిచ్చినట్టే. అందుకే సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత ఎస్‌యూవీ కొన్నాను. ఇంజన్ గట్టిదే. కంపెనీ వాళ్ళిచ్చిన స్పీకర్లు మాత్రం జలుబు చేసిన మనిషిలా పాడేవి.

మా కాంపౌండ్ ఇరుకు. గేట్లోంచి రివర్స్‌లో రావాలి. వెనకాల నీళ్ళ తొట్టి గోడ. నా బండి చప్పుడు వినగానే మునిరాజన్న తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చేవాడు. ఎవరూ పిలవక్కర్లేదు. అరచెయ్యి డిక్కీ మీద ఆనించి "రా, రా, రానీ" అంటూ బండితో పాటు వెనక్కి నడిచేవాడు. గోడ దగ్గర పడగానే డిక్కీ మీద రెండు దెబ్బలు వేసేవాడు, లారీ క్లీనర్లు వేసినట్టు. ఆగమని అర్థం. ఆ పాత రేకు బండంతా మోగేది. నేను అద్దాలు కూడా సరిగా చూసేవాణ్ణి కాదు. దెబ్బ వినిపిస్తే బ్రేకు, అంతే.

ఆ తర్వాత నాకు పాటల పిచ్చి పట్టింది. పాటల పిచ్చి అనడం కూడా అబద్ధమే, శబ్దం పిచ్చి. ఆఫీసులో పని మానేసి బండి స్పీకర్ల వీడియోలు చూసేవాణ్ణి. చివరికి జె.సి. రోడ్డులో ఒక షాపుకి వెళ్ళాను. వాళ్ళు డోర్ ప్యాడ్లు విప్పి చూపించారు. లోపల వట్టి రేకు. రేకు అదురుతుంటే ఎంత మంచి స్పీకరైనా దండగే సార్ అన్నారు. నాలుగు తలుపులకీ, డిక్కీకీ లోపల చప్పుడుని మింగేసే నల్లటి మందపాటి డ్యాంపింగ్ షీట్లు అతికించారు. స్పీకర్లు మార్చారు. బేస్ అదిరేలా వెనక సీటు వెనకాల సబ్‌ఊఫర్ పెట్టారు. రివర్స్ కెమెరా కూడా పెట్టెయ్యమంటారా అని అడిగారు. దాని బదులు ఇంకాస్త పెద్ద సబ్‌ఊఫర్ పెట్టమన్నాను. కెమెరా ఎందుకు, మా ఇంటి దగ్గర ఒకాయన ఉన్నాడు అని నవ్వాను కూడా.

ఆ నవ్వు గుర్తుంచుకోండి.

ఆదివారం పగలు. సన్నగా తుంపర. అద్దాలన్నీ ఎత్తేసి, హోసూరు రోడ్డు పొడుగునా ఒకే పాటని మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటూ వచ్చాను. బయటి లోకమే లేదు. పక్కన బస్సు హారన్ కొడుతున్నా ఎక్కడో పక్క వీధిలో కొట్టినట్టుంది. ఎంత గర్వపడ్డానో. మామూలుగా రివర్స్ చేసేటప్పుడు పాట ఆపేసి, అద్దం దించేవాణ్ణి. ఆ రోజు దించలేదు. పాట మంచి పట్టులో ఉంది. ఆపబుద్ధి కాలేదు. ఒక మనిషి చేతికంటే నాకు ఆ పాట ఎక్కువైంది అని ఇప్పుడు రాస్తున్నాను కానీ, అప్పుడు అలాంటి తూకమేమీ లేదు, అసలు ఆలోచనే లేదు, అదే ఇంకా అసహ్యంగా ఉంటుంది నాకు.

అద్దంలో మునిరాజన్న భుజం, తువ్వాలు కనిపించాయి. బండిని వెనక్కి పోనిచ్చాను. నా వీపు వెనకాల మెత్తగా రెండు అదుర్లు తగిలాయి. ఏం బేస్ రా అనుకున్నాను. యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యలేదు.

తర్వాత పక్క అద్దంలో ఆయన భార్య కనిపించింది. వాళ్ళ గుమ్మంలోంచి పరిగెత్తుకొస్తోంది. నోరు పూర్తిగా తెరుచుకుని ఉంది. శబ్దం లేదు. పాట ఒక్కటే వినిపిస్తోంది. ఎందుకలా నోరు తెరిచింది ఈవిడ అని చూస్తున్నాను. అలా ఎంతసేపు చూశానో నాకు తెలీదు. పాట ఆపేశాక గానీ ఆ కేక నాకు చేరలేదు. అప్పుడు ముందుకి గేరు వేశాను.

కుడి చెయ్యి. డిక్కీకీ తొట్టి గోడకీ మధ్య.

అదే బండిలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. సాయంత్రం కట్టు కట్టి మంచం మీద పడుకోబెట్టారు. నేను ఎదురుగా నిలబడ్డాను. తిడతాడనుకున్నాను. వాళ్ళావిడ పోలీసుల దగ్గరికి పోతుందనుకున్నాను. ఉద్యోగం, బండి, కోర్టు, ఊళ్ళో మా వాళ్ళు, అన్నీ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి. మునిరాజన్న మాత్రం పైకప్పు వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించి, నావైపు తిరిగాడు.

"నేను తట్టినానా లేదాప్పా? నాకు తట్టినట్టే గుర్తుండాది."

"లేదన్నా. నువ్వు తట్టలేదు."

"నిజంగానా?"

"నిజమన్నా. తట్టుంటే ఆగనా?"

ఆయన కట్టు కట్టిన చేతి వైపు చూసుకున్నాడు. తర్వాత "అట్లైతే తప్పు నాదే. నువ్వేం భయపడాకప్పా" అన్నాడు. నన్ను ఓదార్చాడు. నేను తల ఊపాను.

అప్పుడు నాకు నిజంగా తెలియదా? ఆరేళ్ళుగా ఇదే నన్ను నేను అడుగుతున్నాను. షీట్ల వల్ల దెబ్బ మోగలేదు, సబ్‌ఊఫర్ అదురులో కలిసిపోయింది, నా తప్పేముంది అని చాలా రోజులు సర్ది చెప్పుకున్నాను. కానీ ఆ పాట నాకు కంఠతా వచ్చు. ఆ చోట ఆ రెండు దెబ్బలు లేవు. తగలగానే నా ఒంట్లో ఏదో ఉలిక్కిపడింది. ఉలిక్కిపడి కూడా బేస్ అని పేరు పెట్టుకున్నాను. మీరైతే దీన్ని తెలియడం అంటారా, తెలియకపోవడం అంటారా?

రెండు వేళ్ళు వంగవు. మిగతా చెయ్యి బాగానే వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్ళు మళ్ళీ మిషన్ మీదికే రమ్మన్నారు. ఆయనే వద్దన్నాడు. ఆ మాట వాళ్ళావిడ మా ఆవిడతో చెబుతుంటే విన్నాను. "తట్టినా అనుకున్నా, తట్టలేదంట. రేపు మిషన్ కాడ చెయ్యి తీసినా అనుకుంటా, తీసుండనేమో" అన్నాడట. ప్యాకింగ్‌లోకి మారిపోయాడు. ఇప్పుడు తాళం వేసి వీధి చివరిదాకా పోయి, మళ్ళీ వచ్చి లాగి చూస్తాడు. గ్యాస్ కట్టినానా అని దారిలోంచి ఫోన్ చేస్తాడు. పిల్లలు నాన్నకి మతిమరుపు అని ఆటపట్టిస్తే ఆయన కూడా నవ్వుతాడు. ఆయనకి మతిమరుపు లేదు. ఆయనకి ఉన్నది నా అబద్ధం. వేళ్ళు బండి వల్ల పోయాయి, ఆ మనిషికి తన మీద తనకున్న నమ్మకం మాత్రం నా నోటి వల్ల పోయింది. ఇది అర్థమైన రోజు నుంచి నాకు ఆయన్ని చూస్తే ఇంకా భయం.

ఇప్పుడు మేము ఇల్లు మారుతున్నాం. బండి అమ్మేస్తానని తెలిసి పోయిన వారం మునిరాజన్న పైకి వచ్చాడు. "మా పాప డ్రైవింగ్ నేర్చుకునింది. ఆ బండి మాకే ఇచ్చెయ్యప్పా" అన్నాడు. పోతూ పోతూ మెట్ల మీద ఆగి, వంగని వేళ్ళు చూపించి నవ్వాడు. "పాపకి నేనే వెనకాల నిలబడి చూపిస్తా. ఈసారి మర్చిపోకుండా తడతాలే."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. కళ్ళు మూస్తే అదే గోడ, అదే చెయ్యి, స్టీరింగ్ ముందు మాత్రం నేను కాదు, ఆ పిల్ల. ఆ పిల్ల కూడా పాట పెట్టుకుంటుంది. ఎవరు పెట్టుకోరు?

నిన్న డిక్కీ ప్యాడ్ విప్పాను. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ షీట్లు పీకడం మొదలుపెట్టాను. సగం పీకాక వట్టి రేకు మీద తట్టి చూశాను. మోగింది, పాత రోజుల్లోలాగే. షీటు ఉన్న సగం మీద తట్టాను. ధుబ్ అంది, అంతే. అప్పుడు తోచింది. మిగతా సగం కూడా పీకేస్తే ఆ పిల్లకి దెబ్బ వినిపిస్తుంది, ఎవరికీ ఏమీ కాదు. నా అబద్ధానికీ ఏమీ కాదు. నిజం చెబుతున్నాను, ఆ ఆలోచన వచ్చినప్పుడు ఎంత హాయిగా అనిపించిందో. ఆ హాయికే భయమేసి చెయ్యి ఆపాను.

మిగతా సగం అలాగే ఉంచాను. ఈ సాయంత్రం ఆయన బండి చూసుకోవడానికి వస్తాడు. అలవాటు కొద్దీ డిక్కీ మీద చెయ్యి వేస్తాడు. రెండు వైపులా తడితే ఆయనకే తెలుస్తుంది, అడుగుతాడు. అడక్కపోతే నేనే ఆ చెయ్యి పట్టుకుని తట్టిస్తాను. తర్వాత ఏమవుతుందో నాకు తెలీదు. వాళ్ళావిడ ముఖం ఎలా చూడాలో తెలీదు. క్షమించు అని అడిగే ధైర్యం లేదు, అడగను కూడా. కింద గేటు చప్పుడైతే ప్రతిసారీ లేచి నిలబడుతున్నాను. అయినా ఆరేళ్ళ తర్వాత మొదటిసారి ఊపిరి కిందిదాకా దిగుతోంది.

ఆయనకి చెప్పాల్సిన మాట ముందు ఇక్కడ ఒకసారి అనుకుంటాను.

నువ్వు తట్టినావన్నా. రెండు సార్లు తట్టినావు. నాకు తెలిసింది.