మా పొయ్యిలు లెక్కపెట్టిన టీచరమ్మ

మా టీచరమ్మగారు పోయారు. మొన్న మిరప కల్లంలో తాలుకాయ ఏరుతుంటే, చీరాల బస్సు దిగిన ఆవిడ తమ్ముడు నేరుగా మా దగ్గరికొచ్చి చెప్పాడు. జ్వరమేనట. పడుకున్న మనిషి లేవలేదట. కాయ ఏరే ఆడవాళ్ళందరూ చేతులు దులుపుకుని లేచారు. తర్వాత ఒకామె, "పంపు దగ్గర పిల్లలకి చెప్పాలి" అంటూ పల్లె వైపు నడిచింది.

ఆదివారం మిషను గుళ్ళో అందరూ లేచి ఆవిడ గురించి రెండేసి మాటలు చెప్పారు. నేను లేవలేకపోయాను. నలుగురిలో నాకు నోరు రాదు. అందుకని రాస్తున్నాను.

ఆవిడ మా మిషను బడిలో టీచరు. సన్నగా, కళ్ళద్దాలతో ఉండేవారు. ఆవిడ నడకంటే మాకు పరుగు కింద లెక్క. ఎండ ఉన్నా లేకపోయినా చేతిలో గొడుగు ఉండేది. దాన్ని వేసుకునేవారు కాదు, దాంతో చూపించేవారు. ఆకాశాన్ని, నల్లబల్లని, తప్పు చేసిన పిల్లాణ్ణి, అన్నిటినీ ఆ గొడుగు కొసతోనే. నవ్వొస్తే పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. కొత్త సంగతి ఏదైనా తెలిస్తే మాత్రం ఆ చెంగు కూడా గుర్తుండేది కాదు. దారిలో ఎవరు కనిపిస్తే వాళ్ళని ఆపి చెప్పేవారు. ఎక్కువసార్లు దొరికేది నేనే, ఎందుకంటే నేను ఎదురు మాట్లాడను.

అప్పట్లో మా పల్లెకి తాగే నీళ్ళు లేవు. నల్లరేగడి నేల, ఎక్కడ తవ్వినా ఉప్పు. రోడ్డు దాటి ఊళ్ళో మంచినీళ్ళ బావికి పోవాలి. పోయినా మా ఆడవాళ్ళు తోడుకోకూడదు. ఎవరైనా వచ్చి తోడి పోసేదాకా గట్టు కింద బిందెలు పెట్టుకుని నిలబడాలి. బోరింగు వేయించమని అర్జీ పెడితే, మీ గ్రామానికి మంచినీటి వసతి ఉంది అని జవాబొచ్చింది. ఇంకో అర్జీ పెట్టాం. అదే జవాబు.

ఆ రోజుల్లోనే ఎనభై ఒకటి జనాభా లెక్కలొచ్చాయి. మా పల్లె టీచరమ్మగారికి పడింది. "బాబాయ్, నువ్వు తోడు రా. ఏ గుమ్మంలో కుక్క కరుస్తుందో నాకు తెలీదు" అన్నారు. వెళ్ళాను.

మొదటి ఇల్లు మా పల్లెకంతా పెద్ద దిక్కయిన ముసలామెది. పొడుగాటి తాటాకిల్లు. గుమ్మంలో మంచం మీద కూర్చుని ఉంది.

"ఎంతమంది పెద్దమ్మా మీరు?"

"అందరం ఒకటేనమ్మా. నా ముగ్గురు కొడుకులూ, కోడళ్ళూ, పిల్లమూకా. నేను బతికుండగా వేరుపోయేది లేదు."

మా వైపు అంతే. తల్లి ఉండగా కొడుకులు వేరుపడ్డారంటే ఆమెకి తలవంపు. లోపల ఎన్ని పొయ్యిలున్నా బయటికి ఒకటే కుటుంబం అంటారు. అడిగితే పల్లెలో సగం ఇళ్ళు అదే మాట చెప్పేవి.

టీచరమ్మగారు పెన్ను తీయలేదు. కప్పు వైపు చూశారు. తాటాకుల్లోంచి మూడు చోట్ల పొగ లేస్తోంది.

"ఈ పూట కూరేంటి పెద్దమ్మా?"

"గోంగూర" అంది పెద్దకోడలు.

"ఎండు చేపలండీ" అంది నడిపామె లోపల్నుంచి.

చిన్నకోడలు తలొంచుకుంది. "దానికేం, చారు కాచి పారేసిద్ది" అంది అత్తగారు.

"ఒక్క పొయ్యి మీద ఇన్ని ఎట్టా పెద్దమ్మా? నాకూ నేర్పరాదూ."

చుట్టూ మూగినవాళ్ళు గొల్లుమన్నారు. ముసలామె మొహం మాడిపోయింది. "రాస్తే విడిపోయినట్టేగా అమ్మా. కాయితం మీదకెక్కాక ఇంకేముంది?"

టీచరమ్మగారు నవ్వడం మానేసి మంచం అంచున కూర్చున్నారు. "ఇది పంపకాల కాగితం కాదు పెద్దమ్మా. కప్పు ఒకటైనా, ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళే ఒక కుటుంబం అని సర్కారు మాట. పొయ్యి వేరైతే నీ కొడుకులు నీ కొడుకులు కాకుండా పోతారా?"

ముసలామె చాలాసేపు ఆలోచించింది. "అయితే నా కుంపటి కూడా రాయి. వీళ్ళ వంట నాకు సయించదు."

ఆ మాట మాకంటే ముందు వీధి చివరికి చేరింది. ఆ తర్వాత ప్రతి గుమ్మంలోనూ మేం అడక్కముందే పొయ్యిలు చెప్పారు. కల్లాల దగ్గర కాపలా ఉన్నవాళ్ళ కోసం కల్లాలకీ పోయాం. నా ఇంటి దగ్గర, "నాదేముందమ్మా, ఒంటి మనిషిని, వదిలేయండి" అన్నాను. మా ఆవిడ పోయి అప్పటికి చాలా కాలమైంది. "ఒక్కడు తిన్నా పొయ్యి పొయ్యే బాబాయ్" అని రాసుకున్నారు.

లెక్కల కాగితాలు అప్పజెప్పి వచ్చిన రోజు ఆవిడ బస్సు దిగి మా ఇంటికే వచ్చారు. చెంగు జారిపోతున్నా చూసుకోలేదు.

"బాబాయ్, తెలిసింది. అర్జీకి జవాబిచ్చినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఊరినీ పల్లెనీ ఒక్క ముద్ద చేసి చూస్తే నీళ్ళు ఉన్నట్టే. మనం అందులో కలిసిపోయాం. విడిగా తీసి చూపించాలి."

"మీరు రాసిందే చూపించరాదా అమ్మా?"

"అమ్మో, అది చూపించకూడదు. ఎవరింటి గుట్టు వాళ్ళది. ఎవరిది వాళ్ళే వచ్చి చెబితే ఎవరు కాదంటారు?"

మర్నాడు బడి ముందు స్థలం ఊడ్పించి కళ్ళాపి చల్లించారు. సున్నంతో రోడ్డు గీశారు. అటు ఊరు, ఇటు పల్లె. పొయ్యికొక మిరపకాయ, మనిషికొక పత్తిగింజ. ఎవరి ఇల్లు ఎక్కడుందో అక్కడ పెట్టాలి. కూలికెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి బడి ముందు తిరనాళ్ళలా ఉంది. ఒక్కరూ మంచికాయ తేలేదు, అన్నీ తాలుకాయలే. "ఏరా, మీ పొయ్యి అంత తెల్లగా పాలిపోయిందేంట్రా?" "మీ ఇంటి గింజలు చూసుకోరా ముందు, చేను విత్తావా ఏంటి?" ముసలామె కోడళ్ళు నాలుగు కాయలు వరసగా పెట్టారు. అవి ఒకదానికొకటి తగిలేలా ముసలామె సర్దింది. నేను ఎవరూ చూడకుండా నా కాయా, నా గింజా పెట్టి వచ్చాను.

ఆఖర్న బూడిద తెప్పించారు. ప్రతి పొయ్యి నుంచీ నీళ్ళు తెచ్చుకునే చోటికి గీత పోయాలి. ఊరి ఇళ్ళవి బడి పిల్లలు పెట్టారు, వాటి గీతలు జానెడే. పల్లె నుంచి గీత మీద గీత రోడ్డు దాటింది. బూడిద అయిపోయింది. పరుగెత్తి మళ్ళీ తెచ్చారు, అదీ అయిపోయింది. గీతలన్నీ కలిసి బావి దగ్గరికి వచ్చేసరికి మోకు లావున అయ్యాయి. అందరం చుట్టూ నిలబడి చూశాం. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నాం, ఇంతమందిమి ఉన్నామని మాకు తెలీదు. "ఇది మనమేనా?" అని ఎవరో మెల్లగా అన్నారు.

టీచరమ్మగారు ఎవర్ని ఎలా బతిమాలారో గానీ, బోరింగుల ఇంజనీరుని అక్కడికి తీసుకొచ్చారు. అప్పటిదాకా రోజూ పిల్లలే గాలికి చెదిరిన గింజలు సర్దుతూ ముగ్గు కాపాడారు. ఆయన చెప్పులు విడిచి చుట్టూ తిరిగాడు. అన్నిటికంటే పొడుగు గీత దగ్గర ఆగాడు.

"ఇదేంటి ఇంత పొడుగు?"

"అది నేనండీ" అంది చిన్నకోడలు. "పొద్దునా సాయంత్రం నడిచేది నేనే."

ఆయన చెప్పులు వేసుకున్నాడు. ఆమె వెంట ఆ గీత దారినే బావి దాకా నడిచి వచ్చాడు. ఊరూ పల్లే వేరు వేరుగా రాసుకుని వెళ్ళాడు.

మరుసటి వేసవిలో రిగ్గు లారీ వచ్చింది. ముగ్గు మీద పల్లె గీతలన్నీ రోడ్డు దాటబోయే చోట, రోడ్డుకి ఇవతలే బోరు దించారు. బుడబుడమని బూడిదరంగు మట్టినీళ్ళు లేచాయి. పల్లె పల్లెంతా కేకలు. అంతలోనే ఒక గుబులు. పక్క పల్లెలో ఇలాగే కేకలు పెట్టారు, తీరా చూస్తే ఉప్పు. నీళ్ళు తేరితే గానీ రుచి చెప్పలేనన్నాడు మేస్త్రి.

పంపు బిగించిన రోజు బిందెలు వీధి మలుపు దాకా వరస కట్టాయి. నేనూ ఇంకొకడూ కొట్టడం మొదలుపెట్టాం. ఎర్రగా వచ్చాయి. తర్వాత పాలలా. కొట్టగా కొట్టగా పంపు కింద రాళ్ళు కనపడేలా వచ్చాయి. ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. ఏం చెప్పాల్సి వస్తుందోనని అందరికీ భయం.

"నువ్వే తాగి చెప్పు టీచరమ్మా" అంది ముసలామె.

టీచరమ్మగారు గొడుగు పక్కవాళ్ళ చేతికిచ్చి వంగారు. దోసిలి పట్టి తాగారు. పల్లె మొత్తం ఆవిడ మొహంలోకి చూస్తోంది. ఆవిడ మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. కళ్ళద్దాల మీద పడ్డ చుక్కలు తుడుచుకోలేదు. కొట్టు బాబాయ్ అన్నట్టు నా వైపు తల ఊపి, మళ్ళీ తాగడానికి దోసిలి పట్టారు.