ఘాటీ సోములు బ్రేకు

సాలూరులో లారీకి యజమాని టైర్లు కొంటాడు, రంగులు వేయిస్తాడు, ముందు అద్దం మీద ఇలవేల్పు పేరు రాయిస్తాడు. బ్రేకు మాత్రం డ్రైవరుది. చక్రాన్ని ఒరుసుకుని ఆపే లైనింగు ఏ రకం వెయ్యాలో, అది ఒరుసుకునే డ్రమ్ములు మార్చాలో అక్కర్లేదో తేల్చేది తొక్కే మనిషే. ఏ కాగితం మీదా లేని కట్టుబాటు ఇది. అందుకే లైనింగులు బిగించే లక్ష్ముడు పని మొదలెట్టేముందు ఒక్క మాట అడుగుతాడు: "ఎవుల కాలికి?" డ్రైవరు "నా కాలికి" అంటాడు. సుత్తి అందుకుని మొదటి రివెట్టు తనే కొడతాడు. కొట్టాక ఇక ఆ బ్రేకు మంచికీ చెడ్డకీ వాడిదే పూచీ. లక్ష్ముణ్ణి అనడానికి లేదు, యజమానిని అనడానికీ లేదు.

ఘాటీ సోములు పాతికేళ్లుగా ఆ మాట అంటూనే ఉన్నాడు. లక్ష్ముడి తండ్రి బతికున్నన్నాళ్లు ఆయనతో అన్నాడు, తర్వాత లక్ష్ముడితో అంటున్నాడు. అసలు పేరు ఉట్టి సోములే. ఉప్పు బస్తాలతో కొండెక్కి కొరాపుట్టు వైపు వెళ్లి, చింతపండుతో దిగొచ్చే డ్రైవర్లు సాలూరులో కొల్లలు. వాళ్లలో ఘాటీ, అంటే ఆ మలుపుల కొండదారి, అంత ఒడుపుగా దిగేవాడు ఇంకొకడు లేడని జనమే పేరు ముందు ఆ మాట తగిలించారు. సంతలో ఆయన భార్య దేముడమ్మ అరటిపళ్లు బేరమాడుతుంటే, ఘాటీ సోములు పెళ్లామని ఒక పండు ఎక్కువే వేసేవారు. మనిషికి ఊరు పెట్టిన పేరంటే చిన్న సంగతి కాదు. దాన్ని తీసేసి ఇంట్లో పెట్టుకుని రమ్మంటే ఎవడొస్తాడు?

అరవై ఎనిమిది మాఘమాసంలో ఒక పొద్దుట సోములు లక్ష్ముడి పాకలో చెక్కపెట్టె మీద కుడికాలు బారజాపుకుని కూర్చున్నాడు. పొద్దు ఇంకా బారెడైనా ఎక్కలేదు, ఆయనకి మాత్రం అప్పుడే రోజంతా పనిచేసినట్టుంది. ఈ మధ్య నిద్ర లేస్తూనే అలా ఉంటోంది. మోకాలికి ఆముదం రాసి, జిల్లేడాకు వేడిచేసి కట్టుకుని, పైన పంచె సర్దుకుని వస్తాడు. ఆ కట్టు దేముడమ్మకి తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

మూడు రోజుల కిందట దిగుడులో బండి ఆగలేదు. ఏడో మలుపు దగ్గర బ్రేకు తొక్కాడు, బండి జారుతూనే ఉంది. ఇంకాస్త తొక్కుదామంటే మోకాలు వినలేదు. చక్రం కొండవైపు తిప్పి, మట్టిగట్టుకి బండిని రాసి రాసి ఆపాడు. మడ్గార్డు నలిగింది, అంతకుమించి ఏమీ కాలేదు. ఊళ్లోకొచ్చి లైనింగులు పోయాయన్నాడు. లారీ యజమాని నగరేశ్వరరావు మారుమాట లేకుండా ఏం కావాలో చూసుకోమన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత సోములుకీ తెలుసు. ఎవరూ అనలేదు కాబట్టి తనూ అనుకోలేదు.

లక్ష్ముడు ముందు చక్రం డ్రమ్ము ఊడదీసి వెలుగులో పెట్టి చూశాడు. లోపలంతా నీలం మచ్చలు, వాటి మీద వెంట్రుకల్లాంటి బీటలు. లైనింగు ఇంకా సగం పైనే ఉంది గానీ అద్దంలా నున్నబడిపోయింది. చాలాసేపు వేలితో తడుముతూ కూర్చున్నాడు. ఇతగాడు సోములుకి వరసకి మేనల్లుడు, అబద్ధం రానివాడు.

"డ్రమ్ము కాలిపోనాది మావా. తొక్కి ఒదిలి, తొక్కి ఒదిలి దిగితే ఇలగవ్వదు. కాలు ఆనించి ఉంచేస్తేనే ఇలగవుద్ది."

ఎందుకు ఆనించావని అడగలేదు. అడిగినా బాగుండేది, సోములు నాలుగు తిట్టి ఉండేవాడు. గట్టిగా తొక్కే బలం లేని కాలు పెడలు మీద మెల్లగా ఆని, ఘాటీ పొడుగునా అక్కడే పడుంటుంది. ఇనుముకి దాపరికం తెలియదు కనక చూసింది చూసినట్టు చెప్పేసింది. సోములుకి తెగ సిగ్గేసింది.

డ్రమ్ములు విజయనగరంలో లేతు మీద నున్నగా తీయిద్దామా అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనక. లక్ష్ముడు తలూపలేదు. తీయిస్తే పలచబడతాయి, పలచబడితే రెండో మలుపుకే కాలతాయి, బీటలు ఎలాగూ పోవు, కొత్తవే కావాలన్నాడు. తర్వాత రెండు రకాల లైనింగులు తెచ్చి గోనెపట్టా మీద పెట్టాడు. ఒకటి నేత లైనింగు, మెత్తన. కాలు తగిలితే చాలు పట్టేస్తుంది, కానీ వేడెక్కితే జారుతుంది. చదునులో తిరిగే బళ్లకి బంగారం. రెండోది బూడిదరంగుది, గట్టిది. ఒళ్లంతా బరువేసి తొక్కాలి, తొక్కితే మాత్రం ఎంత కాలినా మాట తప్పదు. సోములు ఇన్నేళ్లూ వేయించుకున్నది ఈ రెండోదే.

ఆయన చెయ్యి మెత్తనిదాని మీదికి వెళ్లింది. ఒకటో గేర్లో నెమ్మదిగా దిగితే సరిపోతుందని, మలుపుకోసారి ఆగి చల్లారనిస్తే సరిపోతుందని మనసులో లెక్కలు కట్టాడు. ఇంకొక్క ఏడాది, ఈ చింతపండు రోజులైనా. ఘాటీ వదిలేస్తే చెయ్యడానికి పనిలేక కాదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, టీ బడ్డీల దగ్గర పదిమందీ ఏమంటారోనని. అన్నిటికన్నా ముందు చినబాబు ఏమంటాడోనని.

చినబాబు దేముడమ్మ తమ్ముడు. నలభయ్యేళ్లవాడు, అదే లారీకి రెండో డ్రైవరు. విజయనగరం నుంచి సాలూరు దాకా వాడు తోలతాడు, కొండ మొదలవగానే సోములు చక్రం పుచ్చుకుంటాడు. ఘాటీ నాకొకసారి ఇయ్యి బావా అని పదేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు. నీకింకా చెయ్యి తిరగలేదని సోములు పదేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. చెయ్యి తిరిగి ఏడేళ్లయిందని ఇద్దరికీ తెలుసు.

"ఇదే ఏసెయ్" అన్నాడు సోములు, మెత్తనిది ముందుకు తోసి.

లక్ష్ముడు వాదించలేదు. డ్రైవరు ఎంచిందానికి వంక పెట్టడం వాళ్ల ఇంటా వంటా లేదు. లైనింగుని మోసే ఇనప రేకు ఒళ్లో పెట్టుకుని, దాని మీద లైనింగు పరిచి, రివెట్టు దూర్చి, సుత్తి చేతిలోకి తీసుకుని ఎప్పటిలాగే అడిగాడు.

"ఎవుల కాలికి?"

నా కాలికి అనడానికి నోరు తెరిచాడు గానీ మూడు రోజుల కిందటి సంగతి కళ్ల ముందుకొచ్చింది. ఆ దిగుడులో చినబాబు పక్కనే ఉన్నాడు. లోయవైపు తలుపుకి తల ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. చక్రం బావ చేతిలో ఉంటే ఘాటీలో వాడికెప్పుడూ నిద్రే. బండి గట్టుకి రాసుకుని ఆగాక కళ్లు నులుముకుంటూ లేచాడు. "టీకి ఆపినావా బావా?" అన్నాడు. సోములు ఔనన్నాడు.

"తీసెయ్" అన్నాడు ఇప్పుడు. "గట్టిదే ఏసెయ్. డ్రమ్ములూ కొత్తయ్యే."

లక్ష్ముడు మెత్తనిది తీసి బూడిదరంగుది పరిచాడు. రివెట్టు దూర్చాడు. మళ్లీ అడగడం అనవసరం కాదు, లైనింగు మారితే మాటా మళ్లీ అడగాలి.

"ఎవుల కాలికి మావా?"

"సినబాబు కాలికి."

అలవాటుగా సోములు వైపు చాచిన సుత్తి అక్కడే ఆగిపోయింది. సోములుకి ఏడుపొచ్చింది, సుత్తిని వెనక్కి తోశాడు.

"నాకెందుకిస్తన్నావురా. ఆడొచ్చి కొడతాడు, అందాకా ఆగు."

పాక గుంజ పట్టుకుని లేచాడు. కబురంపమంటావా అని లక్ష్ముడు అడిగితే, వద్దు, నేనే సెప్పాలన్నాడు. చినబాబు ఇల్లు బజారుకి అవతల. సోములు ఆ బజారు నడిమధ్యనుంచి, అందరూ చూస్తుండగా, కుంటుకుంటూ వెళ్లాడు.