ఫ్లూటు కన్నా ముందు లేచే వేలు

పొద్దున షిఫ్టుకు కంపెనీ బస్సు కోసం పటాన్‌చెరు చౌరస్తాలో నిలబడి ఉన్నాను. భానూర్ నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ పిలిస్తే పలుకుతలేడు బిడ్డా" అంది. నాకు చిరాకేసింది. ఇది రోజూ ఉండేదే. "చెవి మిషన్ పెట్టుకోలేదేమో అత్తా, జెర తట్టి లేపు" అన్నాను. "తట్టిన బిడ్డా" అంది, అంతే. మా మేనమామ నిద్రలోనే పోయాడు.

మామ గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ నడిపేవాడు. ఊళ్లో మిగిలిన మెట్ట చెలకలో జొన్న వేసేవాడు. ఇవి మా వైపు ఏ ఇంటికి పోయినా వినిపించే సంగతులే. ఇంకో ఇంట్లో దొరకనిది ఒకటుంది. ఆయన దగ్గర స్పెయిన్ దేశపు రాక్ బృందం ఒకదాని క్యాసెట్లు నాలుగు ఉండేవి. వయసులో ఉన్నప్పుడు పటాన్‌చెరు పరిశోధన కేంద్రంలో పొలం పనికి పోయేవాడు. అక్కడి విదేశీ శాస్త్రవేత్త ఒకాయన తిరిగి వెళ్లిపోతూ సామాను పంచిపెడితే, మిగతావాళ్లు కుర్చీలూ ఫ్యాన్లూ పట్టుకున్నారు. మామ టేప్ రికార్డర్, దాంతోపాటు ఈ క్యాసెట్లు తెచ్చుకున్నాడు. ఆ బృందాన్ని వాళ్ల దేశంలోనే ఎవరూ పట్టించుకోలేదని, నాలుగు ఆల్బంలు చేసి ఎవరి దారిన వాళ్లు పోయారని ఆ సారే చెప్పాడట. పేరు పలకడం మాకు చేతకాలేదు. "స్పెయినోళ్లు" అనేవాళ్లం.

ఆదివారం మధ్యాహ్నం కూర్చునేవాళ్లం. మామ, నేను, తలుపు దగ్గర బియ్యం ఏరుతూ అత్త. పాట నడుస్తున్నంతసేపు ఎవరూ నోరు తెరవకూడదు. టేపు ఆగాక పంచాయితీ మొదలయ్యేది, నాలుగింటిలో ఏది గొప్పదని. "నచ్చింది అంటె సరిపోదు అల్లుడా, ఎందుకు నచ్చిందో నిలవడి చెప్పాలె" అనేవాడు. మామకు ఏ సంగతైనా భూమి లెక్కలో చెప్తేనే తృప్తి. ఆ నాలుగు ఆల్బంలూ ఆయనకు భూమి పాలు పంచుకున్న నలుగురు అన్నదమ్ములు.

"పెద్దోడు గట్టిగ ఒర్రుతడు, పని తక్వ" అని మొదటి ఆల్బం గురించి తీర్పు. నిజమే. అందులో ఆర్గన్, గిటారు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటాయి, ఎవరికీ ఆగే ఓపిక ఉండదు. "రెండోనికి నీళ్ల పొలమొచ్చింది." అది ఆయన ప్రాణం. ఒక్కో వైపు ఒక్కటే పాట, చప్పట్లతో మొదలై, తొందర లేకుండా, ఒక మడి నిండాక ఇంకో మడికి నీళ్లు పారినట్టు సాగుతుంది. మూడోది నా పక్షం. పాడేవాడి గొంతు సగంలో తెగిపోతుంది, తాళం లెక్కకు అందదు, అయినా పట్టు వదలదు. "గది రాళ్ల చెలక. దున్నేటోని నడుమిరుగుతది" అని ఏడిపించేవాడు. "దున్నితే గదా తెలిసేది" అని నేనూ ఊరుకునేవాణ్ణి కాను. నాలుగోదాంట్లో నలుగురికీ నచ్చాలని పొట్టి పాటలు, మెషిన్ డ్రమ్ములు, కడుపులో గుద్దే బేస్. "సిన్నోడు భూమి అమ్ముకొని పట్నం పోయిండు" అని మామ దాన్ని సగం కూడా నడవనిచ్చేవాడు కాదు.

రెండో ఆల్బం రెండో వైపు చివర డ్రమ్ములన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఊపిరి పీల్చుకునేంత ఖాళీ. తర్వాత ఎక్కడో పైన, సన్నగా, ఫ్లూటు. దానికి ఒక్క క్షణం ముందు మామ కుడిచేతి చూపుడువేలు లేచేది, "అగో, వస్తున్నది" అన్నట్టు. నా చిన్నప్పటి నుంచీ ఆ వేలు తప్పింది లేదు.

ఆయన రిటైర్మెంటు దగ్గరపడుతున్న రోజుల్లో ఒక ఆదివారం నాలుగో క్యాసెట్ తనే పెట్టాడు. "దీనికి మనం అన్యాయం జేసినం అల్లుడా. దీన్ల బలమున్నది." నేను నవ్వాను. పై వారమూ అదే పెట్టాడు. రెండోది వేయమంటే "టేపు అరిగింది, సన్న సప్పుడు పోయింది" అన్నాడు. ఆయన లేచి వెళ్లాక నేనే వేసి విన్నాను. ఫ్లూటు ఎప్పటిలాగే ఉంది. మామ చెవులు పోతున్నాయని అప్పుడు అర్థమైంది. నాకు భయమేసింది.

ఎందుకు భయమో ఈ ఫ్యాక్టరీల బెల్టులో పనిచేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తాను. గట్టి ఒత్తిడి మీదున్న ఆవిరి పైపులోంచి కారితే మొదట కంటికి కనిపించదు. సన్నటి ఈలలా వినిపిస్తుంది. ఫ్లూటు వినిపించని చెవికి ఆ ఈలా వినిపించదు. ఆయన చుట్టూ ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషులు పని చేస్తుంటారు.

అడిగితే ముందు ఏమీ లేదన్నాడు. తర్వాత కోపం. "బాయిలర్ మీదికెళ్లి తీస్తే నన్ను యాడ నిలబెడ్తరు? గేటు కాడనా? పోయేటోనికి వచ్చేటోనికి సలాం గొట్టుకుంటనా?"

"మామా, ఆడ మనుషులున్నరు."

"నా బాయిలర్ సంగతి నాకెర్క లేదా? కాలి కింద అదిరితే చెప్త."

కంపెనీ డాక్టరు చెవులు పరీక్ష చేసినప్పుడు ఆయన పెదాలు చూసి తలూపి వచ్చేవాడట. నేనే వెళ్లి కంపెనీకి చెప్తానన్నాను. "చెప్పు. మళ్ల నా గడప తొక్కకు" అన్నాడు. చెప్తే మామ నాకు లేకుండా పోతాడు. చెప్పకపోతే ఎవరి ప్రాణం పోతుందో తెలియదు. ఆ వారం ఫ్యాక్టరీల వైపు ఏ సైరన్ మోగినా అత్తకు ఫోన్ చేసేవాణ్ణి.

చివరికి అత్తే తీర్పు చెప్పింది. "గా ఫ్లూటు పాట పెట్టుండ్రి. వేలు లేస్తే అల్లుడు నోరు మూసుకుంటడు. లేవకుంటే నువ్వే పోయి మీ సారుకు చెప్పాలె." మామ వెంటనే ఒప్పుకున్నాడు. అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడో నాకు అర్థం కాలేదు. అత్తకు అర్థమైనట్టుంది.

ఆదివారం టేపు తిరిగింది. అత్త చాట పక్కన పెట్టి టేప్ రికార్డర్ దగ్గర కూర్చుంది. మామ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. చప్పట్లు, గిటారు, డ్రమ్ములు. నేను ఆయన వేలినే చూస్తున్నాను. అది లేవాలనీ ఉంది, లేవొద్దనీ ఉంది. డ్రమ్ములు ఆగాయి. ఆ క్షణంలోనే అత్త చెయ్యి చాచి సౌండు పూర్తిగా తగ్గించేసింది.

ఇంట్లో చప్పుడు లేదు. క్యాసెట్ చక్రాలు మాత్రం తిరుగుతున్నాయి. సరిగ్గా ఎప్పుడూ లేచే చోటే మామ వేలు లేచింది. ముఖం నిండా నవ్వు.

కళ్లు తెరిచి మా ముఖాలు చూశాడు. అత్త చెయ్యి ఇంకా అక్కడే ఉంది. "బంద్ చేసినవా?" అన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ లేపిన వేలిని చాలాసేపు చూసుకున్నాడు. "యాదికున్నది గదా... ఇనబడ్డదే అనుకున్న" అన్నాడు.

సోమవారం తనే వెళ్లి చెప్పాడు. స్టోర్స్‌కు మార్చారు. కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక ఆదివారం ఫోన్ చేసి "ఏంది, చెలక దున్న రావా?" అన్నాడు. వెళ్లేసరికి నా మూడో ఆల్బం నడుస్తోంది. చెవి మిషన్ సర్దుకుంటూ "దున్నంగ దున్నంగ జెర మెత్తవడ్డది" అన్నాడు. నన్ను క్షమించాడని నాకు తెలిసింది అలా. ఈ రోజుకీ దేన్నైనా బాగుందని అనే ముందు ఎందుకో చెప్పడానికి నాలో నేను నిలబడతాను. అది ఆయన పెట్టిన భిక్ష.

వాళ్లకు పిల్లలు లేరు. తలకొరివి నాదే. పాడె లేస్తుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. "దింపుడు కళ్లం కాడ ఎడమ చెవుల పిలువు బిడ్డా. కుడిది మొత్తానికే ఇనరాదు." కాటికి పోయే దారి మధ్యలో పాడె దించి, ఒకవేళ ప్రాణముంటే పలుకుతారేమోనని చెవిలో మూడుసార్లు పిలిచే చోటది.

దారి పొడుగునా డప్పులు. దింపుడు కళ్లం దగ్గర పాడె దించగానే అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నేను వంగి ఆయన ఎడమ చెవిలో "మామా" అన్నాను. మళ్లీ అన్నాను. మూడోసారి, బాయిలర్ పక్కన నిలబడి పిలిచినట్టు, గట్టిగా అరిచాను. అందరూ ఆయన ముఖం చూస్తున్నారు. నేను తెల్లబట్ట అంచున కనిపిస్తున్న కుడిచేతి వేలిని చూస్తున్నాను.